టక్కర్ మోకాలికి పడిన మార్కు

"ఎవరు చెప్పారు మీకు? ఆ ఒక్క ముక్క చెప్పండి మణిగారూ. కాఫీ వద్దు. కూర్చోను కూడా."

శశికళ కోటైనా విప్పకుండా వంటగది మధ్యలో నిలబడిపోయింది. ఆమె వెనకే సుందర్ రాజ్, కారు తాళాలు చేతిలో ఆడిస్తూ. మణి భార్య విమలకుమారి స్టవ్ మంట తగ్గించింది గానీ ఇటు తిరగలేదు.

"ఎవరూ చెప్పలేదమ్మా," అన్నాడు మణి. "చూసి రాశాను."

"చూసి! ఎక్స్‌రే చేతిలో పెట్టుకుని కూడా నేను సీనియర్ డాక్టర్‌ని రెండుసార్లు అడిగాను. మీరు టీవీలో చూసి ఎడమ మోకాలు, కార్టిలేజ్, రెండు చలికాలాలు అని పేపర్లో రాసేశారా? రేపు పొద్దున హాస్పిటల్లో హియరింగ్. నా రెసిడెన్సీ ట్రైనింగ్ పోతే వీసా పోతుంది. వీసా పోతే సామాను సర్దుకోవడమే. నాకు ఫుట్‌బాల్ అంటే ఏమీ తెలీదండీ. బంతి కోడిగుడ్డులా ఉంటుందని తెలుసు, అంతే. ఆ గుడ్డు తెచ్చి నా నెత్తిన పగలగొట్టారు."

"ఊరుకో తల్లీ," అన్నాడు సుందర్ రాజ్. "వీడు ఈ దేశంలో నా కళ్ళ ముందు పెరిగినవాడు. అబద్ధం ఆడడు. ఒరేయ్ మణీ, ఎవడో నీ చెవిలో ఊదాడు. నీకే గుర్తు లేదేమో, ఆలోచించు. ఆ నోరాగని వెధవ ఎవడో చెప్పు, చొక్కా పట్టుకుని నేనే లాక్కొస్తాను. ఒక ఆడపిల్ల బతుకురా ఇది!"

'అబద్ధం ఆడడు' అన్న మాట మణికి చేపముల్లులా గొంతులో అడ్డం పడింది. ఎందుకంటే ఆ మోకాలి వాక్యం ఎవరు రాశారో అతనికి తెలియదు. అది మాత్రం తను రాసింది కాదు.

అది 1985. ఫార్మింగ్టన్ హిల్స్‌లో తెలుగు ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఉండేవి. గోంగూర కావాలంటే బ్రిడ్జి దాటి కెనడా వెళ్ళాలి. ఇంటికి ఫోన్ చేస్తే సముద్రం కింద నుంచి మన గొంతు మనకే తిరిగొచ్చేది. అంతకు తొమ్మిదేళ్ళ ముందు మణి డెట్రాయిట్‌లో దిగిన రోజున, మంచులో పల్చటి చొక్కాతో వణుకుతుంటే, పచ్చటి ఓల్డ్స్‌మొబీల్ కారు ఒకటి వచ్చి ఆగింది. అందులోంచి దిగిన పెద్దమనిషి "వందనాలు తమ్ముడూ" అని తన కోటు విప్పి కప్పాడు. ఆయనే సుందర్ రాజ్. హాస్పిటల్‌లో ఎక్స్‌రే టెక్నీషియన్. తెలుగు సంఘానికి పెద్ద. మణికీ, తర్వాత వచ్చిన విమలకీ 'అన్నయ్య'. మణి మొదటి చలికాలమంతా ఆయన సోఫా మీదే పడుకున్నాడు. ఆయన భార్య పెట్టిన చేపల పులుసు తింటూ, ఆయన పక్కన కూర్చుని, ఆదివారాలు టీవీలో ఫుట్‌బాల్ చూడడం నేర్చుకున్నాడు.

"ఏం లేదురా, ఇది కబడ్డీయే. కూత బదులు బంతి పట్టుకుని పోతాడు. పట్టుకున్నవాణ్ణి పడెయ్యాలి. మిగతాదంతా అలంకారం," అని సుందర్ రాజ్ ఒక్క ముక్కలో తేల్చేశాడు.

మణి కార్ల ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్. లైన్ మీద నుంచి దిగిన కారుకి ముందు వంద మార్కులు వేసుకోవాలి. తలుపు గట్టిగా పడితే ఇన్ని, పెయింట్‌లో బుడగ ఉంటే ఇన్ని అని తీసేసుకుంటూ పోవాలి. మిగిలిందే ఆ కారు విలువ. అయిదేళ్ళ కిందట ఒక వసంతంలో ఇదే పద్ధతి అతను ఫుట్‌బాల్ డ్రాఫ్ట్ మీద ప్రయోగించాడు. ఏటా ఆ రోజుల్లో ఒక మంగళవారం కాలేజీ ఆటగాళ్ళని జట్లు వంతులవారీగా ఏరుకుంటాయి. ముందటేడు బాగా ఓడిన జట్టుకి మొదటి వంతు. ఇరవై ఎనిమిది జట్లు, పన్నెండు రౌండ్లు. అంతా అయ్యాక ఏ జట్టు బాగుపడింది, ఏది మునిగింది అని ఊరంతా వాదన. మణి ఒక్కో జట్టునీ ఒక్కో కారులా చూశాడు. మొదటి వంతు ఊరికే అమ్ముకున్న జట్టుకి పదిహేను మార్కులు కోత. ఉన్న ముగ్గురు చాలక నాలుగో బంతి విసిరేవాణ్ణి తెచ్చుకున్న జట్టుకి పది. "అన్నం లేని ఇంట్లో మూడు రకాల పచ్చళ్ళు" అని ఒక జట్టుని రాస్తే, ఊళ్ళో వారపత్రిక ఎడిటర్ ఫ్రాంక్ నొవాక్ పొట్ట పట్టుకుని నవ్వి అచ్చేశాడు. అప్పట్నుంచి 'మణి మార్కులు' ఏటా వచ్చేవి.

ఆ మంగళవారాల గురించి ఇప్పటికీ ఆ ఊరివాళ్ళు కలిస్తే చెప్పుకుంటారు. కేబుల్ టీవీ ఉన్న ఇల్లు మణిది ఒక్కటే. బేస్‌మెంట్‌లో చాపలు పరిచేవారు. షిఫ్టు దిగినవాళ్ళు దిగినట్టే బూట్లు మెట్ల మీద వదిలేసి వచ్చేవారు. విమలకుమారి బకెట్టంత గిన్నెతో పులిహోర కిందికి దించి, "మగాళ్ళ మీద మగాళ్ళు పడే ఆటకి ఇంత పండగేమిటో," అని పైకి పోయేది. టీవీలో ఎవరో సూటు వేసుకున్నాయన చీటీ తెచ్చి పేరు చదివేవాడు. పెళ్ళిసంబంధం ఖాయమైనట్టు కిందంతా కేకలు. ముందు వరసలో అడ్డం నిలబడే భారీ లైన్‌మన్ ఎవరైనా దొరికితే సుందర్ రాజ్ లేచి, "అబ్బో, బలే ఎద్దు!" అని తువ్వాలు తిప్పేవాడు.

ఆ తర్వాత మణి రాత్రికి రాత్రి కాయితం మీద రాసేవాడు. పొద్దున విమల ఎలక్ట్రిక్ టైప్‌రైటర్ మీద కొట్టి, బ్యాంకుకి వెళ్తూ దారిలో నొవాక్ ఆఫీసులో పడేసేది. గురువారం పేపర్లో వచ్చేది.

ముందటేడు మాత్రం పరువు పోయింది. ఒక జట్టు తెచ్చుకున్న కుర్రాడికి మణి ఏ ప్లస్ వేశాడు. వాడు సీజనంతా బంతి అవతలివాళ్ళ చేతికే విసిరాడు. ఫ్యాక్టరీలో ఎవరో మణి లాకర్ మీద పెద్ద 'ఏ ప్లస్' అంటించారు. చెడిపోయిన స్క్రూ దొరికితే చాలు, "మణీ, దీనికి ఏ ప్లస్సేనా?" అనేవారు. అతను చాలాకాలం క్యాంటీన్ మానేసి కార్లో కూర్చుని టిఫిన్ డబ్బా తిన్నాడు.

ఈ ఏడు అందరి నోటా ఒకటే పేరు. వెస్లీ టక్కర్. మిషిగన్ కుర్రాడు, గాలిలా పరిగెత్తేవాడు. పశ్చిమ తీరం జట్టొకటి మొదటి రౌండ్లోనే ఎత్తుకుపోయింది. మణి ఆ జట్టుకి ఏ వేశాడు. గురువారం పేపర్ తెరిస్తే సి ఉంది! కింద ఒక వాక్యం: 'ఈ కుర్రాడి ఎడమ మోకాలిలో కార్టిలేజ్ అరిగిపోయింది, రెండు చలికాలాలకు మించి ఆగదు.'

మణి ఇల్లెగిరిపోయేలా అరిచాడు. "నా మార్కు మార్చడానికి ఈ నొవాక్ ఎవడు?" నొవాక్ ఆఫీసుకి ఫోన్ చేస్తే, చేపల సీజన్ మొదలైందని ఉత్తరాన అడవిలో క్యాబిన్‌కి వెళ్ళాడనీ, అక్కడ ఫోన్ లేదనీ చెప్పారు. మణి పళ్ళు కొరుకుతూనే ఉన్నాడు, ఇంతలో ఆ జట్టువాళ్ళు టక్కర్‌ని పిలిచి మళ్ళీ పరీక్ష చేయించారు. మోకాలు నిజంగానే అరిగిపోయింది. కాంట్రాక్ట్ ఆపేశారు.

రేడియోవాళ్ళు ఫోన్ చేశారు. "దేశంలో ఎవరికీ తెలీంది మీకెలా తెలిసింది?"

లాకర్ మీది కాయితం మణి కళ్ళ ముందు ఆడింది.

"కార్లు చూసే కళ్ళండీ ఇవి," అన్నాడు. "ఎడమవైపు తిరిగేటప్పుడు తేడా తెలిసిపోయింది."

మర్నాడు ఫ్యాక్టరీలో మేనేజర్ స్వయంగా వచ్చి చెయ్యి కలిపాడు. మణి క్యాంటీన్‌లో నడిమి బల్ల దగ్గర కూర్చుని భోంచేశాడు.

ఆ ముచ్చట మూడు పూటలైనా నిలవలేదు. టక్కర్ తరఫు లాయర్ దిగాడు. డ్రాఫ్ట్ ముందు కుర్రాడు తల్లితో కలిసి గుట్టుగా ఒక్క హాస్పిటల్‌కే వెళ్ళాడు, ఆ సంగతి ముగ్గురికే తెలుసు అన్నాడు. ఎక్స్‌రే తీసిన సుందర్ రాజ్, రిపోర్టు రాసిన శశికళ, సంతకం పెట్టిన సీనియర్ డాక్టర్. సీనియర్ ఆ వారమే యూరప్ వెళ్ళాడు, ఇంకా రాలేదు. సుందర్ రాజ్ ఎన్నో ఏళ్ళ మనిషి. బైబిల్ మీద చెయ్యేసి "ఒక్క ప్రాణికి చెప్పలేదు" అన్నాడు. ఇక మిగిలింది నిన్నగాక మొన్న వచ్చిన శశికళ. పేపర్లో రాసినవాడు ఇండియన్, డాక్టర్ ఇండియన్. వాళ్ళ లెక్క అక్కడితో సరిపోయింది.

ఇప్పుడా పిల్ల వంటింట్లో నిలబడి ఏడుపు ఆపుకుంటోంది.

"రేపు నేనే వచ్చి తీసుకెళ్తాను మిమ్మల్నందర్నీ," అన్నాడు సుందర్ రాజ్, ఆమె భుజం మీద చెయ్యి వేసి. "శశీ, పద. ఈ రాత్రంతా చర్చిలో నీకోసం ఉపవాస ప్రార్థన పెట్టుకున్నాను. దొంగని దేవుడే బయట పెడతాడు."

వాళ్ళ కారు మలుపు తిరిగీ తిరగకముందే మణి ఫోన్ అందుకున్నాడు. నొవాక్ ఆ సాయంత్రమే అడవి నుంచి తిరిగొచ్చాడు.

"ఫ్రాంక్, నా మార్కు ఎందుకు మార్చావు? ఆ మోకాలి వాక్యం నీకెవడిచ్చాడు?"

"నేనా? ముప్పై ఏళ్ళుగా ఎడిటర్ని, ఒకడి రాతలో నా వాక్యం ఎప్పుడూ కలపలేదు. కొట్టేయడమే నా పని," అన్నాడు నొవాక్. "అన్నట్టు నీదీ ఒకటి కొట్టేశాను. స్పోర్ట్స్ పేజీలో అలాంటివి ఏం బాగుంటాయి?"

"ఏ వాక్యం?"

"మోకాలి తర్వాతదే. 'ఇతని తల్లిని మీ ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి' అని. మణికి ఉన్నట్టుండి భక్తి ముదిరిందేమిటా అనుకున్నాను."

మణి ఫోన్ పెట్టేశాడు. ఆ మాట రాసేవాళ్ళు ఈ ఇంట్లో ఒక్కరే ఉన్నారు.

విమలకుమారి చల్లారిన పాలగిన్నె దగ్గర అలాగే నిలబడి ఉంది.

"విమలా."

"నేనే," అంది ఆమె. అడగకుండానే చెప్పేసింది. "మార్కు నేనే మార్చాను. వాక్యం నేనే టైప్ చేసి కలిపాను. పోయినేడు మీరు కార్లో కూర్చుని అన్నం తినడం చూసిన రోజు ఒకటుంది. మీరు పెరుగు గిన్నె మర్చిపోతే తెచ్చాను. దూరం నుంచి చూసి, మిమ్మల్ని పిలవకుండా తిరిగొచ్చేశాను. మళ్ళీ అలా చూడలేను."

"నీకు ఫుట్‌బాల్ ఏం తెలుసని?"

"అయిదేళ్ళుగా మీ మార్కులు టైప్ కొడుతున్నవి ఈ వేళ్ళు. ఏ జట్టుకి ఎవడు కావాలో మీకంటే నాకే బాగా గుర్తు."

"మరి మోకాలి సంగతి?"

ఆమె తల వంచుకుంది. "డ్రాఫ్ట్ ముందు శుక్రవారం మనింట్లో ప్రార్థన కూడిక జరిగింది చూడండి. మీరు, మీ ఆట చూసేవాళ్ళంతా రెండో షిఫ్టులో ఉన్నారు. అందరూ ప్రార్థన మనవులు చెబుతున్నారు. ఒకరి నాన్నగారికి షుగరు, ఒకరి తమ్ముడికి వీసా. అప్పుడు అన్నయ్య చెప్పాడు. పేరు చెప్పలేదండీ. 'ఒక కుర్రాడున్నాడు, ఎడమ మోకాలు అరిగిపోయింది, రెండు చలికాలాలకంటే ఆగదు. తల్లి ఇళ్ళు తుడిచి పెంచింది. మంగళవారం వాడి పేరు దేశమంతా వింటుంది. వాళ్ళిద్దరి కోసం ప్రార్థించండి' అన్నాడు. చెబుతూ ఏడ్చాడు కూడా. విన్నవాళ్ళలో డ్రాఫ్ట్ అంటే ఏంటో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. మన మిషిగన్‌లో అలాంటి పేరు టక్కర్‌దొక్కటే."

మణి కుర్చీలో కూలబడ్డాడు. "బైబిల్ మీద చెయ్యేశాడు కదే!"

"ఆయన అబద్ధం చెప్పలేదు. దేవుడికి చెప్పుకున్నది ఆయన లెక్కలో మనిషికి చెప్పడం కాదు. ఇప్పటికీ ఆయనకి తెలీదు, ఆ దొంగ తనేనని."

"మరి ఇన్నాళ్ళూ నువ్వు నోరెందుకు విప్పలేదు?"

"రేడియోలో మీరే కనిపెట్టానని చెప్పాక నేనేం విప్పను? అక్కడితో సద్దుమణుగుతుందనుకున్నాను. ఆ పిల్ల మీదికి పోతుందనుకోలేదు."

సుందర్ రాజ్‌కి పెన్షన్ దగ్గర పడింది. ఇప్పుడు పేరు బయటికొస్తే ఉద్యోగంతో పాటు అదీ గాలికి పోవచ్చు. పేరు రాకపోతే శశికళ పోతుంది. మణి ఆయన ఇంటికి ఫోన్ చేశాడు. ఆయన భార్య ఎత్తి, "చర్చిలోనే ఉన్నారు బాబూ, తెల్లారేదాకా రారట," అంది. చర్చిలో ఫోన్ లేదు. ఉన్నా, మోకాళ్ళ మీద ఉన్న మనిషిని లేపి ఈ మాట ఎలా చెప్పాలో మణికి తెలియలేదు.

పొద్దున్నే ఓల్డ్స్‌మొబీల్ వాకిట్లో హారన్ కొట్టింది. రంగు వెలిసింది గానీ ఇంజన్ గొంతు అదే. శశికళ ముందు సీట్లో ఉంది. మణి, విమల వెనక కూర్చున్నారు. సుందర్ రాజ్ కళ్ళు నిద్రలేక ఎర్రబడ్డాయి. మొహం మాత్రం పెళ్ళివారింటికి వెళ్తున్నట్టు వెలిగిపోతోంది.

"అన్నయ్యా," అన్నాడు మణి. "హాస్పిటల్‌కి ముందు ఒక్క నిమిషం ఎక్కడైనా ఆపుతావా? నీతో ఒక మాట."

"మాటలన్నీ అయ్యాక చెప్పుకుందాం తమ్ముడూ. ఆలస్యమైతే ఈ పిల్ల గుండె ఆగేలా ఉంది," అన్నాడు ఆయన. "నాకు రాత్రి సమాధానం దొరికింది. నిజం ఈ రోజు బయట పడుతుంది. చూస్తూ ఉండు."

శశికళ నవ్వడానికి ప్రయత్నించింది. "అంకుల్, మీరు లేకపోతే నేనేమైపోయేదాన్నో."

విమల వేళ్ళు మణి చేతిని గట్టిగా పట్టుకున్నాయి. గ్రాండ్ రివర్ రోడ్డు మీద చెట్లకి అప్పుడప్పుడే చిగుళ్ళు వస్తున్నాయి. ఈ రోడ్డు మీదే, ఈ కారులోనే, సుందర్ రాజ్ అతనికి డ్రైవింగ్ నేర్పాడు. క్లచ్ లేని బండిని చూసి మణి ఎడమ కాలు ఎక్కడ పెట్టాలో తెలియక తికమకపడితే, "ఆ కాలిని దేవుడికి అప్పగించి, కుడికాలితో నడుపు," అని పగలబడి నవ్వాడు. మణి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

హియరింగ్ గదిలో పొడవాటి బల్ల. అవతల హాస్పిటల్ అధికారి మిసెస్ హాలరన్, ఆమె పక్కన టక్కర్ లాయర్. ఇవతల ఒక కొసన శశికళ, ఆమెకి తోడుగా సాక్ష్యం చెప్పడానికి సుందర్ రాజ్. రెండో కొసన మణి, విమల.

"మిస్టర్ మణి, మోకాలి సంగతి డాక్టర్ శశికళే మీకు చెప్పారా?" లాయర్ ఉపోద్ఘాతం లేకుండా మొదలుపెట్టాడు.

"లేదు. అసలు ఆ వాక్యం నాది కాదు. ఆ జట్టుకి నేను వేసింది ఏ. రేడియోలో చెప్పింది అబద్ధం." మణి చెవులు మండుతున్నాయి. రేపు ఫ్యాక్టరీలో లాకర్ మీద ఏం అంటిస్తారో అతనికి తెలుసు. "నా రాత టైప్ చేసేది నా భార్య."

సుందర్ రాజ్ నోరు తెరుచుకుని ఆలుమగలిద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"అవును. నేనే కలిపాను," అంది విమల. ఆమె ఇంగ్లీషు ఎప్పుడూ బ్యాంకు కౌంటర్ దగ్గరలా నెమ్మదిగా, శుభ్రంగా ఉంటుంది. "మా ఆయనకి తెలియదు. ఆ డాక్టరమ్మకి అసలే తెలియదు."

"మరి మీకెవరు చెప్పారు?"

విమల చూపు బల్ల మీదికి దించుకుంది.

"ఈ డాక్టర్ మీ ఇంటికి వస్తుంటారు కదూ?" అన్నాడు లాయర్.

"వస్తుంది. కానీ తను చెప్పలేదు."

"అలాగైతే ఎవరు? పేరు చెప్పకపోతే మేం డాక్టర్ పేరే రాసుకోవాల్సి ఉంటుంది."

"అక్కా," అంది శశికళ. అదొక్క మాటే.

విమల కళ్ళ నుంచి నీళ్ళు జారాయి. తుడుచుకోలేదు. అప్పుడు సుందర్ రాజ్ కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. అక్కడున్న దొరలకి అర్థం కాకపోతే కాకపోయిందని తెలుగులోనే అందుకున్నాడు.

"ఎవరికోసం భయపడుతున్నావమ్మా విమలా? వాడు ఎంత పెద్దవాడైనా కానీ. నీ కడుపున పుట్టినవాడైనా కానీ. తప్పు చేసినవాడి పేరు దాస్తే ఆ తప్పు నీదవుతుంది. ఈ పిల్ల వంక చూడు. దీని బతుకంతా నీ నాలిక చివర ఉంది. చెప్పు తల్లీ, నేనున్నాను నీ వెనక."

విమల ఆయన వైపు తిరిగింది.

"శుక్రవారం కూడికలో విన్నాను," అంది, ఆమె కూడా తెలుగులోనే. "ప్రార్థన మనవుల్లో. 'మంగళవారం వాడి పేరు దేశమంతా వింటుంది' అన్నారు."

ఆయన మొహంలో ధైర్యం చెప్పే చిరునవ్వు ఇంకా అలాగే ఉంది. అది పోవడానికి కాస్త సమయం పట్టింది. ఒక చెయ్యి వెనక్కి వెళ్ళి, ఇందాక తను నెట్టేసిన కుర్చీ కోసం గాలిలో వెతికింది. శశికళ మొదట విమలని చూసింది, ఆ తర్వాత తన పక్కన నిలబడ్డ మనిషిని చూసింది. ఆమె నోటి మీదికి చెయ్యి దానంతటదే వెళ్ళింది.

"క్షమించండి, మాకు మీ భాష రాదు," అంది మిసెస్ హాలరన్, కలం తీసి. "ఎవరన్నారు? పేరు కావాలి."

విమల మణి వైపు చూసింది. మణి తల వంచుకున్నాడు. ఆమె మళ్ళీ పెద్దాయన వైపు చూసింది. ఆయన పెదవులు బిగించి, కళ్ళు మూసుకుని, చెప్పమన్నట్టు తల ఊపాడు.

పెళ్ళై ఈ దేశం వచ్చిన రోజు నుంచీ ఆమె ఆయన్ని అన్నయ్యా అనే పిలిచింది. పేరు ఎన్నడూ నోటితో అనలేదు. విమల లేచి నిలబడింది.

"సుందర్ రాజ్," అంది.